కరగని సిలికాన్, గీతలు పడ్డ అల్యూమినియం: ఈ భాగాలను దక్కించుకోవడం ఎలా?

పాత యంత్రాల నుంచి విడదీసిన లోహపు భాగాలతో బల్ల దీపాలు, స్టాండ్లు తయారుచేస్తున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రచురించవద్దన్నారు. ఉత్తరం పొడవైనది కావడంతో ముఖ్యమైన భాగాలను ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

“ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చాను. లోహపు పనిలో చాలా ఏళ్ల అనుభవం ఉన్న మా మామయ్య తన షెడ్డులో ఒక మూల నాకిచ్చారు. పనిముట్లు కూడా వాడుకోనిస్తారు. ఈ మధ్య విడదీసిన ఒక యంత్రం నుంచి మంచి భాగాలు దొరికాయి. పోత అల్యూమినియం మూతలు, ఇత్తడి వాల్వులు, ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లెం, వెండిలా మెరిసే పిడులు, కొన్ని ఇనుప బ్రాకెట్లు, ఒక చిన్న నీటి పంపు. అన్నింటి అంచుల్లోనూ పాత సిలికాన్ సీలెంట్ గట్టిగా పట్టుకుని ఉంది. ఎసిటోన్‌లో రాత్రంతా నానబెట్టాను. పెయింట్ థిన్నర్‌తో తుడిచాను. నీళ్లలో మరిగించాను. ఫ్రీజర్‌లో పెట్టి చూశాను. ఏదీ పనిచేయలేదు. విసుగొచ్చి ఉలితో గీకితే పంపు మూత అంచు మీద గీతలు పడ్డాయి. శుభ్రమైందనుకున్న బ్రాకెట్‌కు రంగు వేస్తే గుండ్రటి గుంటలు పడ్డాయి. ఆ రంగును గరుకు కాగితంతో తీసి మళ్లీ వేసినా అంతే.

“మామయ్య గ్యాస్ టార్చి పెట్టి కాల్చేయమంటారు. నాకు భయం. వద్దంటే, ‘ఇంత సున్నితమైతే ఈ పని నీవల్ల కాదమ్మా’ అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. ఆయన షెడ్డులో ఉంటూ ఆయన మాట కాదనలేను. నిజానికి ఆ పంపును బాగుచేసి ఆయనకే ఇవ్వాలని నా కోరిక. సిలికాన్‌ను పూర్తిగా కరిగించే మందు ఏదైనా ఒకటి చెప్పండి. లేకపోతే అన్నీ తుక్కులో వేసేస్తాను.”

అమ్మా, తుక్కులో వేయకండి. మీరు చెప్పినవాటిలో పాడైపోయింది ఒక్కటీ లేదు, గీతలు పడ్డ ఆ మూతతో సహా. మీ ప్రయత్నాలు ఎందుకు ఫలించలేదో తెలిస్తే మీ చేతి మీద మీకున్న అనుమానం చాలావరకు పోతుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ట్యూబులోంచి వచ్చినప్పుడు ముద్దలా ఉండే సీలెంట్, గాలిలోని తేమ తగిలాక దానిలోని పొడవాటి అణు గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి ఒకే వలగా మారిపోతుంది. ఆ గొలుసులకు వెన్నెముక సిలికాన్ అనే మూలకం, ఆక్సిజన్ పరమాణువుల వరుస. ఇసుకలోనూ గాజులోనూ ఉండే బంధం అదే. మైనం కరుగుతుంది, తారు కరుగుతుంది, ఎందుకంటే వాటి అణువులు విడివిడిగా ఉంటాయి. వలగా అల్లుకున్నది ఏ ద్రవంలోనూ కరగదు, కొన్ని ద్రవాలను పీల్చుకుని ఉబ్బుతుంది. నీళ్లలో మరిగిస్తే మెత్తబడదు. 200 డిగ్రీల సెల్సియస్ వేడిని ఏళ్ల తరబడి తట్టుకునే పదార్థానికి 100 డిగ్రీల నీరు ఒక లెక్క కాదు. చలి విషయమూ అంతే. సిలికాన్ రబ్బరు గాజులా పెళుసుబారాలంటే సున్నాకు దిగువన 120 డిగ్రీల దాకా చల్లబడాలి. మన ఫ్రీజరు 18 డిగ్రీల దిగువనే ఆగిపోతుంది. 1969లో చంద్రుడి మీద నడిచిన వ్యోమగాముల బూట్లకు అడుగున వేసింది సిలికాన్ రబ్బరేనంటే దాని మొండితనం అర్థమవుతుంది.

ఇక ఎసిటోన్, థిన్నర్ సంగతి. ప్రయోగశాలలో కొలిచినప్పుడు, స్వచ్ఛమైన సిలికాన్ రబ్బరు ముక్క జైలీన్ అనే పెట్రోలియం ద్రావణిలో నానితే పొడవులో దాదాపు 40 శాతం పెరిగింది. ఎసిటోన్‌లో 6 శాతం, ఇథైల్ ఆల్కహాల్‌లో 4 శాతం మాత్రమే. సీలెంట్లలో పొడి పదార్థాలు కూడా కలుపుతారు కాబట్టి అవి ఇంకొంచెం తక్కువగా ఉబ్బుతాయి కానీ, తేడా మాత్రం అలాగే ఉంటుంది. పెట్రోలియం నుంచి వచ్చే థిన్నర్ లాంటి ద్రవాలు సిలికాన్‌లోకి చొరబడతాయి, ఎసిటోన్ చొరబడదు. మీరు ఎసిటోన్‌లో రాత్రంతా నానబెట్టారు, థిన్నర్‌తో ఊరికే తుడిచారు. నానబెట్టవలసింది రెండోదానిలో. దాదాపు దారిలోనే ఉన్నారు మీరు.

కాబట్టి “కరిగించే మందు ఒకటి” అన్న ప్రశ్నకు సూటి జవాబు, లేదు. సిలికాన్‌ను ఉబ్బించే ద్రవాలున్నాయి, దాని బంధాలను తెంచే రసాయనాలున్నాయి, కోసే బ్లేడ్లున్నాయి. వీటిలో ఏది వాడాలన్నది సిలికాన్‌ను చూసి తేల్చేది కాదు. దాని కింద ఉన్న లోహం ఏది, ఆ భాగం రేపు ఏ పనికి వెళ్తుంది అన్న రెండు ప్రశ్నలు తేలుస్తాయి. మీ గంపలో ఐదారు రకాల లోహాలున్నాయి, వాటి గమ్యాలు వేరు. కొన్ని దీపాలవుతాయి, కొన్నింటికి రంగు పడుతుంది, ఒకటి మళ్లీ నీళ్లు తోడాలి. అన్నింటికీ ఒకే మందు వెతకడం వల్లే మీకీ అలసట.

దానికంటే ముందు అది సిలికానేనా అని చూసుకోండి. ఎంత పాతబడినా సిలికాన్ రబ్బరులాగే ఉంటుంది, గోరుతో నొక్కితే వెనక్కి లేస్తుంది. మీ భాగాల మీద రాయిలా గట్టిపడి, పొడిగా రాలేది ఏదైనా ఉంటే అది పాలీయురేథేన్ కావచ్చు, ఎపాక్సీ కావచ్చు, పాతకాలపు పుట్టీ కావచ్చు. పాత పుట్టీల్లో, గ్యాస్కెట్లలో (రెండు భాగాల మధ్య లీకు కాకుండా పెట్టే పలుచని అట్టల్లో) ఆస్బెస్టాస్, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటివాటిని పొడిగా గీకి దుమ్ము లేపకండి. అనుమానం తీరకపోతే, బ్లేడుతో కోసిన గోరంత ముక్కను చిమటాతో పట్టుకుని, ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి అంటించి చూడండి. సిలికాన్ అయితే తెల్లటి బూడిద మిగులుతుంది. ఇది సీలెంట్ ముక్కకు మాత్రమే. యంత్రం లోపలి రబ్బరు రింగులను ఇలా పరీక్షించకూడదు. కారణం కాల్చడం గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

తర్వాత లోహాలు. అయస్కాంతం అంటుకుంటే ఇనుము లేదా ఉక్కు. అంటుకోకుండా, తెల్లగా, తేలికగా ఉంటే అల్యూమినియం. మీరు వెండిలా మెరుస్తున్నాయన్న పిడులను చేతిలోకి తీసుకుని బరువు చూడండి. పరిమాణానికి మించిన బరువుంటే, అయస్కాంతానికి అంటకపోతే, అవి క్రోమ్ పూత వేసిన జింకు పోత అయి ఉండవచ్చు. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, జింకు దాదాపు 7 గ్రాములు ఉంటుంది కాబట్టి చేతికి తేడా తెలిసిపోతుంది. ఇత్తడి అంతకన్నా బరువు, దాని పూత అరిగిన చోట పసుపు రంగు బయటపడుతుంది. పాత బోల్టుల మీద బంగారు ఛాయలో పూత కనిపిస్తే అది కాడ్మియం అనే విషలోహం కావచ్చు. దాన్ని గీకవద్దు, వేడి చేయవద్దు.

ఇప్పుడు పద్ధతులు. ఏ భాగానికైనా మొదటి అడుగు బ్లేడే. మందమైన సిలికాన్‌ను ఏ రసాయనంతోనైనా తీయాలనుకోవడం కాలయాపన. పదునైన కొత్త బ్లేడును లోహానికి దాదాపు ఆనించి, చాలా తక్కువ వాలులో, సబ్బు నీటితో తడుపుతూ పట్టీ పొడవునా కోయండి. ఒక కొస లేచాక దాన్ని పైకి లాగకండి. లోహం మీదుగానే వెనక్కి మడిచి మెల్లగా లాగితే పొడవాటి ముక్కలుగా వస్తుంది. మొద్దుబారిన బ్లేడు ఎక్కువ బలం అడుగుతుంది, ఆ బలమే జారి గీతవుతుంది. మీ ఉలి చేసింది అదే. అల్యూమినియం, ఇత్తడి, క్రోమ్ పూత ఉన్నవాటి మీద ఉక్కు బ్లేడు బదులు ప్లాస్టిక్ బ్లేడు గానీ, గట్టి కర్రను చెక్కి చేసుకున్న చీలిక గానీ వాడండి. నెమ్మదిగా సాగుతుంది కానీ గీత పడదు. తిరిగే తీగ బ్రష్షు మాత్రం సిలికాన్ మీద పెట్టవద్దు. అది సిలికాన్‌ను తీయదు, వేడెక్కించి పలచగా లోహమంతా పులుముతుంది.

బ్లేడు తర్వాత మిగిలేది పలుచని పొర. దీన్ని ఉబ్బించి తీయాలి. పెయింటర్లు వాడే మినరల్ టర్పెంటైన్ దీనికి చాలు. జైలీన్ త్వరగా పనిచేస్తుంది కానీ దాని ఆవిరి తలనొప్పి తెస్తుంది, ఎక్కువైతే నరాలకు హాని. కాబట్టి టర్పెంటైన్‌తో మొదలుపెట్టండి. నూలు గుడ్డ పీలికలను తడిపి సిలికాన్ ఉన్న చోట పరిచి, ఆవిరైపోకుండా పైన పాలిథిన్ కప్పి రాత్రంతా వదిలేయండి. చిన్న భాగాలైతే మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలోనో రేకు డబ్బాలోనో ముంచవచ్చు. అయితే వాటికున్న రబ్బరు రింగులు ముందే తీసేయాలి, లేకపోతే అవీ ఉబ్బి పనికిరాకుండా పోతాయి. పొద్దున తీసి చూస్తే సిలికాన్ బలం తగ్గి, బొటనవేలితో నెడితే చిట్లుతూ ఉంటుంది. అప్పుడే, తడిగా ఉండగానే, ప్లాస్టిక్ బ్లేడుతో, నైలాన్ పీచుతో తోమేయాలి. ఆరనిస్తే ద్రవం ఆవిరైపోయి సిలికాన్ తన పాత కొలతకు, పాత బలానికి వచ్చేస్తుంది. “నానబెట్టినా లాభం లేదు” అనేవారిలో చాలామంది దాన్ని ఆరనిచ్చినవారే. ఒక రాత్రికి పూర్తిగా రాకపోతే మళ్లీ నానబెట్టండి. ఇది ఓపికతో కూడిన పద్ధతి, కానీ మీ గంపలోని ఏ లోహానికీ దీనివల్ల హాని లేదు.

మినరల్ టర్పెంటైన్ ఆవిరి దాదాపు 40 డిగ్రీలకే అంటుకుంటుంది. నిప్పు, వెల్డింగు, గ్రైండరు రవ్వలు ఉన్న షెడ్డులో ఈ డబ్బాలు పెట్టకండి. తొందరలో పెట్రోలు వాడటం అసలే వద్దు, దాని ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. మామూలు లేటెక్స్ తొడుగులు టర్పెంటైన్‌లో ఉబ్బి చిరుగుతాయి. వాడిన గుడ్డలను ముద్దగా పడేయకుండా ఆరుబయట విడివిడిగా ఆరబెట్టి తీసేయండి. మిగిలిన ద్రవాన్ని కాలువలో పోయవద్దు. తేర్చుకుంటే మళ్లీ పనికొస్తుంది.

అంతకన్నా బలమైనవి కావాలంటే సిలికాన్ బంధాలను నిజంగా తెంచే మందులున్నాయి. సిలికాన్ రిమూవర్ పేరుతో దొరికేవాటిలో కొన్ని డోడెసిల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం లాంటి వాటిని ద్రావణిలో కలిపి చేస్తారు. ఇనుము మీద పనికొస్తాయి. జింకు, ఇత్తడి మీద ఆ ఆమ్లం మచ్చ వేయవచ్చు, అందుకే డబ్బా మీద ఏ లోహాలకు వద్దన్నారో చదివి, కనపడని మూలలో చుక్క వేసి చూసుకోవాలి. పొటాషియం హైడ్రాక్సైడ్‌ను ఆల్కహాల్‌లో కలిపిన ద్రావణం కూడా సిలికాన్‌ను విరగ్గొడుతుంది, ప్రయోగశాలల్లో గాజు సామాను మీది గ్రీజు వదిలించడానికి వాడతారు. దాన్ని మీకు నేను సూచించను. అల్యూమినియాన్ని, జింకును అది తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. పక్కన మండే ఆల్కహాల్ ఉండనే ఉంది. ఒక్క చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రంగు తీసే మందులూ సిలికాన్‌ను ఉబ్బిస్తాయి. వాటి ఆవిరిని పీలిస్తే శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదుల్లో వాడినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దీపం అంచు శుభ్రం చేయడానికి అంత పణం పెట్టనక్కరలేదు.

మీ మామయ్యగారు చెప్పిన మార్గానికి వద్దాం. కాల్చడం పూర్తిగా అర్థం లేని మాట కాదు. మందమైన ఇనుప ముక్కను ఆరుబయట కాలిస్తే సిలికాన్ బూడిదవుతుంది, ఆయన అనుభవం అలాంటి ఇనుము మీదే వచ్చిందేమో. కానీ ఆ బూడిద ఊదితే ఎగిరిపోయేది కాదు, అది సిలికా. లోహానికి తెల్లటి పెంకులా అంటుకుని, రబ్బరు కన్నా మొండిగా కూర్చుంటుంది. పైగా వేడి లెక్క చూడండి. సిలికాన్ పూర్తిగా కాలడానికి 400 డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. మీ పిడులు జింకు పోతవైతే 380, 390 డిగ్రీల మధ్యే కరిగి కారిపోతాయి. అల్యూమినియం ఆ వేడికి కరగదు కానీ, గట్టిదనం కోసం వేడి ప్రక్రియ చేసిన మిశ్రలోహాలు 200 డిగ్రీలు దాటగానే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, పలుచని మూతలు వంకర తిరుగుతాయి. జింకు పూత ఉన్న ఇనుము నుంచి వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది.

అసలు ప్రమాదం వాల్వులు, పంపు దగ్గర ఉంది. వాటి మరలకు చుట్టే తెల్ల టేపు టెఫ్లాన్. లోపలి రబ్బరు రింగుల్లో కొన్ని ఫ్లోరిన్ కలిసిన రబ్బరు. టార్చి మంటలో ఇవి కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. అలా కాలిన రబ్బరు అవశేషాన్ని ఉత్తి చేత్తో తాకడం కూడా ప్రమాదమే, దాని ఆమ్లం చర్మం లోపలికి దిగి ఎముక దాకా పోగలదు. మూసుకుపోయిన వాల్వులో నీటి చుక్క చిక్కుకుని ఉంటే ఆవిరి ఒత్తిడికి అది పగలవచ్చు. మీకు కలిగిన భయం సున్నితత్వం కాదమ్మా. సరైన చోట, సరైన కారణంతో కలిగిన అనుమానం అది.

ఇప్పుడు మీ భాగాలు ఒక్కొక్కటి.

దీపాలకు వెళ్లే అల్యూమినియం మూతలను అద్దంలా శుభ్రం చేయనవసరం లేదు. కనిపించే వైపు శుభ్రపరచి, అడుగువైపు సిలికాన్‌ను మట్టంగా కోసి వదిలేయడం తప్పు కాదు, అది అక్కడ ఇంకో తరం పాటు ఏమీ చేయకుండా పడి ఉంటుంది. ఒక్కచోట మాత్రం రాజీ వద్దు. దీపానికి ఎర్తు వైరు బిగించే స్క్రూ చుట్టూ సిలికాన్ గానీ రంగు గానీ లేకుండా లోహం బయటపడి మెరవాలి. సిలికాన్ మంచి విద్యుద్బంధకం. దాని పలుచని పొర మిగిలినా ఎర్తు వైరు ఉండీ లేనట్టే, ఆ దీపాన్ని ముట్టుకునేది మీ దీపం కొన్నవారు. వైరు బిగించాక మల్టీమీటరు పెట్టి వైరు చివర నుంచి లోహపు ఒంటి దాకా ప్రవాహం ఉందో లేదో చూసుకోండి.

ఇత్తడి వాల్వుల మీద సిలికాన్ తీశాక ఆకుపచ్చ చిలుము కనిపిస్తే కంగారు పడకండి. మామూలు రకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది కదా, అది ఎసిటిక్ ఆమ్లం. ఇత్తడిని, రాగిని అది కొద్దిగా తింటుంది. చిలుము తుడిచేస్తే పోతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు మాత్రం ఇత్తడికి వాడవద్దు, ఒత్తిడిలో ఉన్న చోట పగుళ్లు తెప్పిస్తుంది. స్టెయిన్‌లెస్ పళ్లెం అన్నింటికన్నా సులువు, టర్పెంటైన్, బ్లేడు సరిపోతాయి. ఇనుప తీగ పీచుతో తోమితే ఇనుప రేణువులు దానిలో దిగి తుప్పు చుక్కలవుతాయి, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం పోస్తే గుంటలు పడతాయి. ఆ రెండూ వద్దు.

బ్రాకెట్ రంగు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధించింది అదేనని ఉత్తరం చదివితే అనిపించింది. కంటికి కనపడని సిలికాన్ పొర మిగిలినా రంగు దాని మీద నిలవదు. ద్రవాల ఉపరితల తన్యతను కొలిచే లెక్కలో నీరు 72 అయితే సిలికాన్ నూనె 20 దగ్గర ఉంటుంది. తడి రంగు ఆ మచ్చను తాకగానే చుట్టూ వెనక్కి తగ్గిపోతుంది, తామరాకు మీద నీటిబొట్టు లాగా. మీరు రంగును గరుకు కాగితంతో తీసినప్పుడు ఆ కాగితం సిలికాన్‌ను కొత్త గీతల్లోకి రుద్దింది. అందుకే రెండోసారీ గుంటలు పడ్డాయి. వరుస మార్చండి. ముందు రంగు తీసే మందుతో రంగు వదిలించండి, మిథిలీన్ క్లోరైడ్ లేనిది చూసుకుని. తర్వాత టర్పెంటైన్‌తో తడిపిన కొత్త గుడ్డతో ఒకే దిశలో తుడిచి, అది ఆరిపోకముందే వెనకాలే ఇంకో పొడి గుడ్డతో లాగేయండి. గుడ్డ ముఖం ప్రతిసారీ మార్చాలి, లేకపోతే తీసిందే మళ్లీ పూస్తుంటారు. ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీటిధార కింద పట్టుకోండి. నీరు తెగకుండా పలుచని తెరలా నిలిస్తే శుభ్రం. బొట్లుగా ముడుచుకుంటే ఇంకా ఉంది, మళ్లీ తుడవాలి. గరుకు కాగితం ఈ పరీక్ష నెగ్గాకే.

గుంటలు పడకుండా రంగులో కలిపే మందులు కూడా దొరుకుతాయి. అత్యవసరమైతే గట్టెక్కిస్తాయి కానీ, వాటిలో చాలావరకు సిలికానే ఉంటుంది. మీరు రంగు చల్లే స్ప్రే గన్, బ్రష్షులు, గది దానితో అంటుపడితే తర్వాత వేసే ప్రతి రంగుకూ అదే మందు కలపాల్సి వస్తుంది. ఆ దారిలోకి దిగకపోవడమే మేలని నా అభిప్రాయం. షెడ్డులో సిలికాన్ స్ప్రే వాడే అలవాటుంటే రంగు వేసే చోటికి దూరంగా ఉంచమనండి.

ఇక పంపు మూత. దీని గమ్యం వేరు కాబట్టి కొలతా వేరు. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద పాత సిలికాన్ ఏ మాత్రం మిగలకూడదు, కొత్త సిలికాన్ పాతదానికి సరిగా అంటదు. గీతలను గోరుతో తడిమి చూడండి. గోరు చిక్కకపోతే అవి లెక్కలోనివి కావు. చిక్కినా, గీత అంచు పొడవునా సాగుతుంటే పెద్ద ఇబ్బంది లేదు. లోపలి నుంచి బయటికి అడ్డంగా కోసిన గీతే నీటికి దారి ఇస్తుంది. అలాంటివి ఉంటే మీకు మూడు దారులున్నాయి. లోతు తక్కువైతే కొత్త సీలెంట్ పొరే వాటిని నింపేస్తుంది, ఒత్తిడి తక్కువున్న చిన్న పంపుకు ఇది చాలా సందర్భాల్లో సరిపోతుంది. లేదా కాస్త మందమైన కాగితపు గ్యాస్కెట్ వేయవచ్చు, అయితే లోపల తిరిగే చక్రానికీ మూతకూ మధ్య ఖాళీ పెరిగి పంపు తోడే శక్తి తగ్గవచ్చు. లేదా మందపాటి గాజు పలక మీద సన్నని గరుకు కాగితం అంటించి, నూనె చుక్క వేసి, మూతను బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ ముఖాన్ని చదును చేయవచ్చు. దీనివల్ల లోహం కొంత పోతుంది, ఖాళీ తగ్గుతుంది, ఎక్కువ రుద్దితే చక్రం మూతకు తగులుతుంది. ఏ దారైనా ముందు ఆ ఖాళీని కొలవాలి. తిరిగే గరుకు చక్రాలతో మాత్రం ఈ ముఖాన్ని ముట్టుకోకండి. మెత్తని అల్యూమినియంలో కంటికి తెలియని పల్లాలు చేస్తాయి, వాటి రేణువులు బేరింగులోకి, సీలులోకి చేరి పంపును తినేస్తాయి.

బోల్టు రంధ్రాలను మరిచిపోకండి. అడుగు మూసుకున్న రంధ్రంలో సిలికాన్ మిగిలితే బోల్టు దాన్ని కిందికి నొక్కి, బిగిసినట్టు అనిపించి, మూత మాత్రం వదులుగానే ఉంటుంది, లేదా పోత పగులుతుంది. పాత బోల్టు మర మీద ఆకురాయితో నిలువుగా ఒక గాడి కోసి దాన్ని చేత్తో తిప్పుతూ పోతే సిలికాన్ ఆ గాడిలోకి చేరి బయటికి వస్తుంది. కొత్త సీలెంట్ కొనేటప్పుడు వెనిగర్ వాసన వేసే రకం కాకుండా లోహాలకు పనికివచ్చే న్యూట్రల్ రకం అడగండి. తాగే నీటికి వాడే పంపైతే దానికి తగినదని డబ్బా మీద రాసి ఉండాలి.

చివరిగా మామయ్యగారి సంగతి. ఆయన మాట మిమ్మల్ని గాయపరిచింది, అది చిన్న విషయమని నేననను. కానీ షెడ్డులో చోటిచ్చి, తన పనిముట్లు ముట్టుకోనిచ్చిన మనిషి ఆయన. లోహపు పనివారు ఆ రెండోది అందరికీ ఇవ్వరు. ఆ మాట విసుగులో వచ్చిందో, నిజంగా అలా అనుకుంటున్నారో ఉత్తరం చదివి నేను చెప్పలేను. మీ ముందున్నవి నాకు కనిపించినంత వరకు ఇవి. ఏమీ మాట్లాడకుండా మీ పద్ధతిలో చేసుకుపోవచ్చు. గొడవ ఉండదు కానీ, మీరు లేనప్పుడు సాయం చేద్దామని ఆయనే ఆ పిడులకు టార్చి పెట్టే ప్రమాదం ఉంది. నేరుగా కూర్చుని కారణాలు చెప్పవచ్చు. అప్పుడు “నాకు భయం” అని కాకుండా “ఇది జింకు పోత, మామయ్యా, 390 డిగ్రీలకు కారిపోతుంది” అని చెప్పండి. మంట, లోహం ఆయనకు తెలిసిన భాష, ఆ భాషలో చెబితే వింటారని నా ఆశ. వినకపోయినా టెఫ్లాన్, రబ్బరు రింగుల విషయంలో మాత్రం మొహమాటపడకండి, ఆయన ఊపిరితిత్తుల కోసమైనా గట్టిగా చెప్పాలి. ఇంకో దారి కూడా ఉంది. పనికిరాని ఇనుప ముక్కలు రెండు తీసుకుని ఒకటి ఆయన ఆరుబయట కాలుస్తారు, ఒకటి మీరు టర్పెంటైన్‌లో నానబెడతారు, తర్వాత రెండింటినీ నీటిధార కింద పట్టి చూస్తారు. పెద్దవారిని కాదనే అవసరమే ఉండదు. అయితే ఇది పోటీలా మారితే ఇద్దరికీ మంచిది కాదు, ఆయన స్వభావం మీకే బాగా తెలుసు.

పంపును ఆశ్చర్యపరిచేలా బాగుచేసి ఇవ్వాలన్న మీ కోరిక నాకు అర్థమైంది. అయినా ఆ మూతకూ చక్రానికీ మధ్య ఖాళీ కొలవడం, ముఖం చదునుగా ఉందో లేదో స్కేలు ఆనించి వెలుతురులో చూడటం అనుభవం ఉన్న కన్ను చేయవలసిన పని. ఆ ఒక్క పనికి మామయ్యగారిని పిలవండి. పంపును మాత్రం చివరికి ఉంచుకోండి. బ్రాకెట్‌తో మొదలుపెట్టండి, అది ఇనుము, తప్పు జరిగినా తట్టుకుంటుంది. ఈ రాత్రికి దానిమీది రంగు వదిలించి, టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డ పరిచి, పాలిథిన్ కప్పండి.